తాళం ఫైలు

పెరుంగుడిలో మూడో అంతస్తు.
కిటికీ కింద సర్వీసు రోడ్డు మీద
నీళ్ళ లారీ ఒకటి కారుకుంటూ పోతోంది,
వెనకాలే తడి గీత.
ఆ లారీలను పిలిచే వెబ్‌సైటు మాదే.
ఏడేళ్ళ పాతది. ఎండలు ముదిరేలోపు
కొత్తదానికి ఎక్కించాలన్నారు.

"ఒక్క అంకె మార్చడమేగా" అన్నాడు ఎళిలన్.
నాలుగు తీసి ఐదు పెట్టాను.
చీమల పుట్టలో పుల్ల దూర్చినట్టు
తెర నిండా ఎర్రక్షరాలు.

నేను పిలిచింది ముప్పై ఒక్క పేకేజీలను.
వాటి వెంట దిగబడ్డవి పదకొండు వందలు.
ఎవరి తాలూకు మీరంటే
పెళ్ళికొడుకు పినమామ తోడల్లుడి తరఫు అంటాయి.
అన్నిటికీ విస్తరి వెయ్యాల్సిందే.
ఒకటి అలిగి లేస్తే
బంతి బంతంతా లేచి చేతులు కడుక్కుంటుంది.

మ్యాపు గీసేదానికి ఐదే కావాలి.
రసీదు అచ్చేసేది నాలుగు దాటి రానంటుంది.
ఒకే కరెంటు మీటరు మీద రెండు వాటాలు,
వీళ్ళు మోటారు వేస్తే వాళ్ళ ఫ్యాను ఆగుతుంది.
నడుమ తడిక కట్టడానికి
నాకు రెండు పగళ్ళు, ఒక రాత్రి,
చల్లారిపోయిన నాలుగు ఇడ్లీలు.

తేదీలు చూసే చిన్న పేకేజీ ఒకటి,
నలభై వరసలు, అంతే.
రాసినవాడెవరో, ఏ దేశమో.
ఆరేళ్ళ కిందటి ఆఖరి మాట:
"పాప పుట్టింది. ఇక నాకు తీరిక లేదు."
ఆ పాప ఈపాటికి ఒకటో తరగతి.
అంబత్తూరు దాహం మాత్రం
ఇన్నాళ్ళూ అతని నలభై వరసల మీదే నిలబడింది,
అతనికి తెలియకుండా.
దాన్ని తీసేస్తూ, ఎందుకో, ఒక్క క్షణం ఆగాను.

ఆ తర్వాత కనిపించింది అది.
అంకెలు చదివే పేకేజీ. పాత రకం దగ్గరే
కదలకుండా కట్టేసి ఉంది.
పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"దీన్ని విప్పకండి. సుభా."
ఎందుకో లేదు.
ఎందుకో లేని మాటను ఎంతకాలం మన్నిస్తాం?
విప్పాను.

పరీక్షలన్నీ పచ్చగా వెలిగాయి.
ఆనందంగా కాఫీకి పోయాను.
తిరిగొచ్చి ఉత్తుత్తి బుకింగు ఒకటి చేస్తే
పన్నెండు ఇళ్ళ అపార్ట్‌మెంటుకు
తొమ్మిది లీటర్ల నీళ్ళు బయల్దేరాయి.
తొమ్మిది వేలలో ఉన్న కామాను
కొత్తది చుక్క అనుకుంది. ఆ చుక్క దగ్గరే
మూడు సున్నాలూ ఇంకిపోయాయి.

సుభాషిణి ఇప్పుడు పుళల్ దగ్గర
లెక్కల ట్యూషన్లు చెబుతోందట.
ఫోన్ చేస్తే వెనక పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు.
"విప్పావా?" అంది, పలకరింపు కూడా లేకుండా.
"మడిపాక్కంలో ఒకావిడ,
అర్ధరాత్రి దాకా మెట్ల మీద కూర్చుంది.
డ్రైవరు రసీదు చూశాడు. తొమ్మిది లీటర్లు.
తొమ్మిదే పోసి వెళ్ళిపోయాడు.
పొద్దున్నే ఆవిడ మా ఆఫీసుకొచ్చి
నా బల్ల మీద పెట్టింది బిందె.
సగం కూడా లేదు.
తిట్టి ఉంటే బాగుండేది."
కాసేపు ఎక్కాలే వినిపించాయి.
"రాసే టైం ఎక్కడిది?
విప్పకండని మాత్రం రాశాను."

ఆ రాత్రి కట్టు మళ్ళీ కట్టలేదు.
కామా ఎలా చదవాలో కొత్తదానికి నేర్పి
ఒక పరీక్ష రాశాను. దానికి 'బిందె' అని పేరు.
ఇక ఎవరు ఏ అంకె మార్చినా
ముందు అది అడుగుతుంది:
తొమ్మిది వేలంటే ఎంత?
కింద మడిపాక్కం సంగతంతా రాశాను,
ఆవిడ పేరు ఒక్కటే తెలియలేదు.

పసుపు హెచ్చరికలు ఇంకా నలభై ఆరు.
ఆరో రకం వచ్చే ఏడు వస్తుందట.
"అయినట్టేనా?" అన్నాడు ఎళిలన్.
ఇప్పటికి, అన్నాను.

ఇంటికెళ్తుంటే సిగ్నల్ దగ్గర
నా బండి ముందు ఒక లారీ.
వెనక వాల్వుకు
ఎవరో మూడు చుట్లు చుట్టి కట్టిన
ఎర్ర చీర పేలిక.
అదెందుకని డ్రైవర్ని అడగబోయాను.
పచ్చ లైటు పడింది.